అడగకుండా తెలుసుకునే విద్య

మా ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. దారి అడగడు, టైము అడగడు, కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు కూడా అడగడు. అడగడమంటే ఆయనకు చచ్చేంత నామోషీ. అలాగని తెలుసుకోకుండానూ ఉండలేడు. అందుకని ఒక విద్య కనిపెట్టాడు. తనకు తెలియని సంగతి గురించి ఏదో ఒక తప్పుమాట గట్టిగా, నమ్మకంగా అనేస్తాడు. ఎదుటివాళ్ళు ఊరుకోలేక సరిదిద్దుతారు. ఆయన పని అయిపోతుంది.

కొత్త ఊళ్ళో బస్సు దిగి, ఏ కొట్టు ముందో నిలబడి, "స్టేషను ఇటే" అని ఎటో చెయ్యి చూపిస్తాడు. కొట్టువాడు బేరం వదిలేసి మరీ బయటికొచ్చి, "అటు కాదండీ బాబూ, ఇటు!" అని వీధి చివరిదాకా సాగనంపుతాడు.

మొదటిసారి మా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు, "మీకు పుస్తకాలంటే పడదు" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. అరగంటసేపు నేను చదివినవీ, చదవాలనుకున్నవీ, మా నాన్న చదవనివ్వనివీ అన్నీ ఏకరువు పెట్టాను. పెళ్ళయిన ఏడాదికి గానీ నాకు తెలియలేదు, ఆ రోజు ఒక్క ప్రశ్న వెయ్యకుండా నా చరిత్రంతా లాగేశాడని. ఈ గుణం ఎక్కణ్ణించి వచ్చిందని మా అత్తగారిని అడిగితే, "వాడు పసివాడప్పుడు పాల కోసం కూడా ఏడవలేదమ్మా. మనమే గాభరాపడి పట్టాలి" అంది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. మేడ మీద మోటారు గదిలోకి వెళ్ళి, స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. రెండు నిమిషాల్లో రోగమేదో చెప్పేస్తాడు. మిగతావాళ్ళు సగం మోటారు విప్పితే గానీ తేల్చలేనిది ఆయనకు చెవిలోనే తేలిపోతుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు తప్పుమాటతో పనిపడలేదు.

ఇలాంటి మనిషికి మా అమ్మాయి, ఏం అడిగినా జవాబు చెప్పే ఏఐ ఒకటి ఫోన్లో పెట్టి ఇచ్చింది. "నాన్నా, దీన్ని అడగడానికి మొహమాటం ఏం అక్కర్లేదు. ఇది మనిషి కాదు" అంది.

"నాకెందుకు, నాకన్నీ తెలుసు" అన్నాడు. వారం తిరక్కుండా ఫోను వదలడం మానేశాడు. విద్య మాత్రం మారలేదు.

"చీమలు నిద్రపోవు" అని టైపు చేశాడు. అది "చాలా ఆసక్తికరమైన ఆలోచన!" అని మెచ్చుకుని, చీమలు రోజుకు వందలసార్లు చిన్న చిన్న కునుకులు తీస్తాయని వివరంగా చెప్పింది. "గ్రీజు మరక పోదండి" అంటే ఎలా పోతుందో చెప్పింది. ఆ సాయంత్రం మా ఆయన పళ్ళేలు తోమే సబ్బుతో తన చొక్కా తనే ఉతుక్కున్నాడు. నేను కాసేపు గోడకు ఆనుకుని చూశాను. "చచ్చిపోయాక ఏమీ ఉండదు" అన్నందుకు నాలుగు మతాలవాళ్ళూ, ముగ్గురు తత్వవేత్తలూ ఏమన్నారో చెప్పి, చివర్న "ఇంతకీ మీరేమనుకుంటున్నారు?" అంది.

"నన్నడుగుతుందేంటి!" అని ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఆ రోజంతా దాంతో మాటల్లేవు.

మర్నాడు రాజీ పడ్డట్టున్నాడు. "మీకు చావు లేదండి" అని పెట్టాడు. తనకు ప్రాణమే లేదు కాబట్టి చావు ప్రశ్నే రాదని అది జవాబిచ్చింది. మా ఆయన చాలాసేపు ఆలోచించి "పర్వాలేదండి" అని టైపు చేశాడు. "భార్యకు కోపం వస్తే మాట్లాడకపోవడమే మంచిది" అన్నదానికి మాత్రం, "కొన్నిసార్లు మౌనం మంచిదే" అన్న మొదటి ముక్క చదివి ఆపేశాడు. ఆ కింద పన్నెండు లైన్లున్నాయి. అవన్నీ నేను చదివాను.

ఆ రోజుల్లోనే ఆయనలో ఇంకో మార్పు వచ్చింది. ఏం చెప్పినా "సరే" అనడం మొదలుపెట్టాడు. "కర్టెన్లు మార్చాలండీ." సరే. "మా అన్నయ్యావాళ్ళు వచ్చి పదిరోజులుంటారట." సరే. పూర్వమైతే ఒక్కోదానికి గంట పంచాయితీ. ఆ యంత్రంతో సావాసం చేసి మర్యాద నేర్చుకున్నాడనుకుని, ఇరవై ఎనిమిదేళ్ళకు మంచి మొగుడు దొరికాడని మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. తీరా మా అన్నయ్య పెట్టెలతో గుమ్మంలో దిగేసరికి ఆయన కంగారుగా లేచి, "చెప్పాపెట్టకుండా వచ్చేశారు, బావగారూ!" అన్నాడు. మతిమరుపు కాబోలనుకుని నేను నవ్వేశాను. అప్పుడే నా బుర్ర పనిచెయ్యాల్సింది.

ఒక ఆదివారం ఆయన పేపరు చదువుకుంటుంటే మోచేతి పక్కనే ఫోను మోగింది. మోగుతూనే ఉంది. నేను వంటింట్లోంచి వచ్చి తీశాను. ఆయన లిఫ్టు చూసే ఏడంతస్తుల మేడలో పై అంతస్తులో ఉండే పెద్దావిడ.

"మీవారు నిన్నొచ్చి మోటారు నిక్షేపంగా ఉందని సంతకం పెట్టి వెళ్ళారమ్మా. అది కీచుమని ఏడుస్తూనే ఉంది. మా పడగ్గదిలోకి వినపడుతోంది. భయమేసి మేమందరం మెట్లెక్కుతున్నాం."

ఆవిడ పెట్టేశాక తెర మీద ఆయన రాతలు కనిపించాయి. అన్నీ ఆ నెలలోవే. "కొత్త లిఫ్టులు చప్పుడు చెయ్యవు." అవునండీ, ఆధునిక లిఫ్టులు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. "పిట్టలు తగ్గిపోయాయి." అవునండీ, అనేక నగరాల్లో పక్షుల సంఖ్య తగ్గుతోంది. "ఈ కాలం పిల్లలు నోట్లోనే మాట్లాడుకుంటారు." అవునండీ, ప్రతి తరానికీ మాట్లాడే తీరు మారుతుంది. "మా ఇంట్లో ఆవిడ ఈ మధ్య మెల్లగా మాట్లాడుతోంది." వయసుతోపాటు చాలామంది శాంతస్వభావులవుతారు, ఇది మంచి విషయం!

నేను శాంతస్వభావినవడమేమిటి? నా గొంతు వీధి మొదట్లోకి వినపడుతుందని మా పక్కింటావిడ సాక్ష్యం చెబుతుంది.

ఆ యంత్రాన్ని అనడానికి లేదు. విడివిడిగా చూస్తే అన్నీ నిజంలాగే ఉన్నాయి. ఆయన విద్యకు ఎదుటివాళ్ళు కాదనాలి. అది అవునంది. అక్కడితో ఆయన నిశ్చింతగా పడుకున్నాడు.

నేను ఆ నాలుగు మాటలూ ఒకచోట రాసి, "మా ఆయనకు ఇవన్నీ ఒకేసారి అనిపిస్తున్నాయి, ఎందుకు?" అని తిన్నగా అడిగాను. వినికిడి తగ్గుతూ ఉండవచ్చు, చెవి డాక్టరుకు చూపించండి, చెవి మీద ఆధారపడిన పనైతే ఆలస్యం చెయ్యొద్దు అంది. ఈ ముక్క ముందే ఆయనకు చెప్పి ఏడవొచ్చు కదా అని రాశాను. ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పింది. కోపం నిలబెట్టుకోనివ్వదు, అదే దాంతో వచ్చిన చిక్కు.

మెల్లగా వెళ్ళి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. "ఏమండీ, మీ స్క్రూడ్రైవరు పాతసామాన్లవాడికి ఇచ్చేశాను" అన్నాను.

"సరే" అన్నాడు.

ముందుకొచ్చి, మొహంలో మొహం పెట్టి సంగతి చెప్పాను. "నా చెవులకేం, నిక్షేపంగా ఉన్నాయి!" అన్నాడు, గట్టిగా, నమ్మకంగా. అంత నమ్మకంగా ఏదైనా అన్నాడంటే దానర్థమేమిటో నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుసు. "లేవు" అన్నాను. లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఆ మేడవాళ్ళకు లిఫ్టు ఆపెయ్యమని నేనే ఫోన్ చేశాను.

ఆదివారం చెవి డాక్టరు దొరక్క, మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. పావుగంటలో ఆయన నొక్కింది మూడుసార్లు. తలుపు తీసి చూస్తే జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి హెడ్‌ఫోను విప్పబోతున్నాడు.

"వైరు లూజయిందండీ. శబ్దం రావట్లేదు. రెండు నిమిషాల్లో సరిచేసిస్తాను" అన్నాడు.

ఆవిడ హెడ్‌ఫోను తీసుకుని తను విని, నా చెవులకు పెట్టింది. సన్నగా, స్పష్టంగా, కూ అని మోగుతోంది. ఆయన నా మొహం వంకే చూస్తున్నాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు.

"నీకు వినిపిస్తోందా?" అన్నాడు.

ఆ మనిషి నోట అంతకుముందు నేను వినని మాట అది. "వినిపిస్తోందండీ" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. పోయిన వినికిడి తిరిగి రాదు. చెవికి మిషను పెట్టుకుంటే పని చేసుకోవచ్చు. కానీ ఏ చప్పుడైనా పక్కన ఇంకో మనిషి కూడా విని సరేనన్నాకే సంతకం పెట్టాలి. ఆయన ఆ చివరి వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. నాలుగు మెట్లు దిగి, ఆగి, నావైపు తిరిగాడు. ఏదో తప్పుమాట వస్తుందనుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఏడంతస్తుల మేడ దగ్గరికి వెళ్ళాలి" అన్నాడు. "నాతో వచ్చి, అది ఎలా చప్పుడు చేస్తోందో చెబుతావా?"