అరవై పౌండ్ల టెన్షన్

పూతలపట్టు దగ్గర మా బడికి వెళ్తూ స్కూటీ యాక్సిలరేటర్ తిప్పానో లేదో, కుడి మోచేతి బయటివైపు సూదితో పొడిచినట్టయింది. బండి పక్కకు ఆపి, చెయ్యి దులుపుకుని మళ్లీ తిప్పాను. మళ్లీ అదే పోటు. ఆ రోజు బోర్డు మీద లెక్క రాయడానికి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

నా భయం ఉద్యోగం గురించి కాదు, అది ఎలాగో నడుస్తుంది. చిత్తూరులో కాలేజీ రోజుల నుంచి నేను టెన్నిస్ ఆడుతున్నాను. యాభై దాటాక కూడా మా క్లబ్బులో మగవాళ్లకు దీటుగా ఆడే ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ శాంతక్కా. ఆమె రిటైరైన నర్సు, నా డబుల్స్ జోడీ. ఆట పోతే నాకు పొద్దున లేవడానికే బుద్ధి పుట్టదు. అంత ఇష్టం.

మా ఆయన నన్ను తిరుపతిలో ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. బయట బెంచీ మీద నాలాగే మోచెయ్యి పట్టుకున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకామెకు చపాతీలు వత్తి నొప్పి వచ్చింది, ఇంకొకామెకు బట్టలు పిండి వచ్చింది.

డాక్టరు నా మోచేతి మీద ఒకచోట నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది.

"లాటరల్ ఎపికాండిలైటిస్. టెన్నిస్ ఎల్బో అంటారు. పేరుకే టెన్నిస్ అమ్మా, వంటపని వల్ల వస్తుంది."

"నాకు టెన్నిస్ వల్లనే వచ్చింది సార్."

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. "ఈ వయసులో టెన్నిస్ ఎందుకమ్మా? చక్కగా వాకింగ్ చేసుకోండి."

ఒళ్లు మండింది. ఎక్స్‌రే తీశారు, ఎముకకు ఏమీ కాలేదు. అల్ట్రాసౌండ్‌లో, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ వాచిందని చెప్పారు. మాత్రలు, ఐస్‌ప్యాక్, మోచేతికి బెల్టు ఇచ్చారు. వాటితో తగ్గకపోయేసరికి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. కొన్నాళ్లకు నొప్పి మాయమైంది.

"ఇంగ చాల్లే మే. ఆ బ్యాటు ఎవురికన్నా ఇచ్చేయ్," అన్నారు మా ఆయన.

ఆయన మాట సగం విన్నాను. పాత రాకెట్ బడిపిల్లలకు ఇచ్చేసి కొత్తది తెప్పించుకున్నాను. పాతది మూడు వందల గ్రాముల పైమాటే. కొత్తది రెండు వందల యాభై కూడా లేదు. తల వెడల్పు, ఫ్రేమ్ మందం, చేతిలో ఉందా లేదా అన్నంత తేలిక. సగం ఊపితే చాలు, బంతి దూసుకుపోతుంది. బలం తగ్గిన చేతికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

మొదటి రోజు ప్రతి బంతీ గీత దాటి కంచెకు తగిలింది.

"యాడికి మే కొడతా ఉండావు? పూతలపట్టుకు పంపిస్తా ఉండావా?" అని శాంతక్క నవ్వింది.

పౌరుషం వచ్చింది. గట్టింగ్, అంటే రాకెట్ తీగల అల్లిక, బిగుతుగా ఉంటే బంతి అదుపులో ఉంటుందని తెలుసు కదా. గట్టింగ్ వేసే నాగూర్ దగ్గరికి రాకెట్ పట్టుకెళ్లాను.

"టెన్షన్ ఎంత పెట్టాల మేడం?" అని తీగల బిగువు అడిగాడు.

"అరవై పౌండ్లు పెట్టు."

బంతి గీత లోపల పడసాగింది. కానీ అవతలివాళ్లు గట్టిగా కొట్టినప్పుడల్లా ఆ తేలిక రాకెట్ చేతిలో మెలితిరిగేది. నేను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. ఫ్రేమ్ బిరుసు, గట్టింగ్ బిగువు, బరువంతా తలవైపు. ప్రతి దెబ్బా మోచేతి దాకా జిల్లుమనేది. నెల తిరక్కముందే నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి పాలగిన్నె కూడా ఎత్తలేకపోయాను. వంటింట్లో నిలబడి ఏడ్చాను.

మళ్లీ తిరుపతి వెళ్లాం. డాక్టరు చెయ్యి పరీక్షించి, నా ముఖం చూసి అన్నారు: "మీకు టెన్షన్ బాగా ఎక్కువగా ఉంది. అది తగ్గిస్తే సగం నొప్పి పోతుంది."

ఈయనకు ఇంత తెలుసా అని ఆశ్చర్యపోయాను. "అరవై పెట్టించాను సార్. యాభైకి దించమంటారా?"

"ఏం అరవై? బీపీయా?"

"గట్టింగ్ సార్."

మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయారు. డాక్టరు చెప్పింది మనసులోని టెన్షన్ సంగతి. అది నాకు తగ్గదు, పదో తరగతికి లెక్కలు చెబుతాను. కానీ ఆ మాట బస్సులో చంద్రగిరి దాటినా నన్ను వదల్లేదు. నా చేతికి నేనే బిగించి పెట్టిన టెన్షన్ ఒకటి ఉంది, దాన్ని దించడం నా చేతిలో పని. మర్నాడే నాగూర్‌తో యాభైకి తగ్గించి మెత్తని గట్టింగ్ వేయించాను. పిడి మీద ఇంకో గ్రిప్పు చుట్టించాను, అంత బిగించి పట్టుకునే పని లేకుండా.

వెంటనే మాత్రం ఆడలేదు. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి చేత చిన్న డంబెల్‌తో కసరత్తు చేయించుకున్నాను. "ఎత్తేదానికి రెండో చెయ్యి సాయం పెట్టండి మేడం. దించేదే ముఖ్యం. మెల్లంగా దించల్ల," అనేది. విసుగొచ్చేది. అయినా మానలేదు. వాకింగ్ చేసుకోమన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇంకోసారి దించేదాన్ని.

మళ్లీ కోర్టులోకి దిగాక, గట్టింగ్ వదులైంది కదా, బంతులు మునుపటిలాగే కంచెకు తగిలాయి. ఈసారి రాకెట్ జోలికి పోలేదు, నా ఊపు తగ్గించుకున్నాను. పెద్దగా ఊపి కొట్టడం నా ముప్పై ఏళ్ల అలవాటు. అది వదలడం ఇంజెక్షన్ కంటే కష్టమైంది.

ఇప్పుడు రోజు విడిచి రోజు ఆడుతున్నాను. బోర్డు మీద కుడిచేత్తోనే రాస్తున్నాను. ఈ రాకెట్ మంచిదా అంటే, నెట్ దగ్గర బంగారం. గట్టిగా కొట్టేవాళ్ల ముందు మాత్రం వణుకుతుంది. అలాంటివాళ్లను శాంతక్కకు వదిలేస్తాను.

నాలాంటి చేతులున్నవాళ్లకు ఒక్క మాట. తేలిక రాకెట్ కదా అని కొనేయకండి. అరువు తెచ్చుకుని ఆడి చూడండి. బంతి ఎంత బాగా పోయిందన్నది కాదు, మర్నాడు పొద్దున తడిబట్ట పిండి చూడండి. మోచెయ్యి నొస్తే ఆ రాకెట్ మీది కాదు. నేను ఇప్పటికీ తడిబట్ట పిండి చూసుకునే బయల్దేరతాను. నా చెయ్యి వద్దన్న రోజు ఆడను. ఇంకెవరు వద్దన్నా ఆడతాను.