కాన్పుల సిస్టరుకు కాన్పు

మా ఊరు చింతామణిలో మా చెల్లెలు ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సుగా పనిచేసేది. ఎక్కువగా కాన్పుల గదిలోనే డ్యూటీ. మా బట్టల అంగడికి చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు చంకలోని బిడ్డను చూపించి, "మీ చెల్లెలి చేతుల్లో పడిన బిడ్డమ్మా ఇది" అనేవాళ్ళు. విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. బాగేపల్లికి కోడలుగా వెళ్ళాక కూడా ఉద్యోగం మానలేదు. బస్సులో వచ్చి పోయేది. ఆలస్యమైతే మా ఇంట్లో పడుకునేది.

కొన్నాళ్ళకు నెల తప్పింది. గర్భిణులందరికీ చేసే రక్తపరీక్షలే తనకూ అక్కడే చేశారు. ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"అక్కా, ఈ పొద్దు నా డబ్బాలో ఎవురూ చెయ్యి పెట్టలేదు."

నాకేమీ అర్థం కాలేదు. మధ్యాహ్నం నర్సులందరూ కలిసి తినేవాళ్ళు. మా చెల్లెలు ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు తెస్తే డబ్బా మూత తీయకముందే గరిటెలు సిద్ధమయ్యేవట. ఆ రోజు అందరూ తమ తమ అన్నం తిని లేచిపోయారు. సాయంత్రం డాక్టరమ్మ లోపలికి పిలిచి, హెచ్.ఐ.వి. ఉందని చెప్పింది.

"నాకు చెప్పకముందే వాళ్ళకంతా తెల్సిపోయిండాదక్కా."

జబ్బు పేరు చెప్పినప్పుడు ఏడవలేదు. ఈ మాట చెప్పాకే ఏడ్చింది.

చెల్లెలి భర్త, మా మరిదికీ పరీక్ష చేయించాం. అతనికీ ఉంది. బాగేపల్లిలో మోటార్లు బాగుచేసే అంగడి అతనిది, నెమ్మదైన మనిషి. మాకు ముఖం చూపించలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎలా వచ్చిందని మేమెవరమూ అడగలేదు. చెల్లెలే దగ్గరికి వెళ్ళి, "మాత్రలుండాయి. ఇద్దరమూ ఏసుకుందాం. బిడ్డకు రాకుండా కూడా చూసుకోవచ్చు" అని ధైర్యం చెప్పింది. ఆ రోజుకి ఆమె ఇంకా నర్సే.

నర్సింగ్ హోములో ఆమెను కాన్పుల గది నుంచి తీసి, ముందు చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె లేస్తే ఆ కుర్చీని స్పిరిటుతో తుడిచేవాళ్ళు. కొన్నాళ్ళకు, "ఒళ్ళు బరువైంది, రజా తీసుకోమ్మా" అని సెలవు మీద పంపేశారు. ఎన్నాళ్ళు అని అడిగితే, "మేమే పిలుస్తాం" అన్నారు.

అక్కడ సీనియర్ సిస్టరొకామె ఉండేది. చెల్లెలికి కాన్పు చేయడం నేర్పింది ఆమే. పెళ్ళికి మా ఇంట్లోనే ఉండి పెళ్ళికూతురికి జడ అల్లింది. ఎవరు మారినా ఆమె మారదని చెల్లెలి నమ్మకం. ఫోను ఎత్తకపోతే, "ఆమెకు పని జాస్తి అక్కా" అనేది.

చిక్కబళ్ళాపురంలో మాత్రలిచ్చే డాక్టరు దగ్గరే కాన్పుకు మాట్లాడుకున్నాం. నెలలు నిండుతుంటే చెల్లెలు మా ఇంటికి వచ్చింది. అనుకున్న దానికంటే ముందే, ఒక మధ్యాహ్నం ఉమ్మనీరు పోయింది. మా ఆయన కారు తీసుకుని సరుకుకు వెళ్ళివున్నారు.

"అంత దూరం ఆగేట్ల లేదక్కా. మా నర్సింగ్ హోముకే పోదాం. సిస్టరుంటుంది" అంది చెల్లెలు.

ఆటోలో వెళ్ళాం. ఆ సిస్టరే బయటికి వచ్చింది. ఆమెను చూడగానే అంత నొప్పిలోనూ చెల్లెలి ముఖం విప్పారింది. "సిస్టర్" అంటూ చెయ్యి చాపింది. ఆమె అందుకోలేదు.

"డాక్టరమ్మ ఊర్లో లేదు. చిక్కబళ్ళాపురం పిల్చుకోని పోండి" అంది, నా వైపే చూస్తూ.

"డాక్టరమ్మ లేకుండా మనం ఎన్ని చేయలేదు సిస్టర్? గ్లౌజులు ఏసుకో. నేను మాత్రలు ఒక్క పొద్దు కూడా తప్పలేదు. నీకేం కాదు. నీకు తెల్సు కదా."

"తెల్సు" అందామె. "నాకూ పిల్లోళ్ళుండారమ్మా."

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళతోనే తలుపు వేసుకుంది.

నేను తలుపు బాదాను. బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. చెల్లెలు నా కొంగు పట్టుకుని, "వద్దక్కా. పోదాం పా" అంది.

ఫోను చేస్తే మా ఆయన కారు తీసుకుని వచ్చారు. టమాటా లారీల మధ్య నుంచి ఊరు దాటడానికే చాలాసేపు పట్టింది. శిడ్లఘట్ట దాటేదాకా చెల్లెలు నా భుజం మీద పళ్ళు బిగించే ఉంది. చిక్కబళ్ళాపురంలో వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లోపలికి తీసుకున్నారు. అక్కడి నర్సు ఒకామె వచ్చి చెల్లెలి నుదుటి చెమటను ఒట్టి చేత్తో తుడిచింది. అప్పుడు చెల్లెలు గొంతెత్తి ఏడ్చింది. నొప్పులకు ఏడుస్తోందని వాళ్ళు అనుకున్నారు.

ఆడపిల్ల పుట్టింది. "నీ పాలే ఇయ్యమ్మా. నువ్వు మాత్రలు సరిగ్గా ఏసుకుంటాండావు, బిడ్డకూ చుక్కల మందు ఇస్తాండాం. భయం లేదు" అని డాక్టరు నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. డబ్బా పాలే పట్టించింది. పాప ఏడ్చినప్పుడల్లా చెల్లెలి రవిక తడిసిపోయేది. ఇటు తిరగకుండా కూర్చునేది. సీసా నేను పట్టుకునేదాన్ని.

ఏడాదిన్నరకు చేసిన ఆఖరి పరీక్షలో పాపకు లేదని తేలింది. మరిది వీధంతా మైసూరుపాకు పంచాడు, ఎందుకో ఎవరికీ చెప్పకుండా. ఇక అన్నీ సర్దుకుంటాయనుకున్నాం.

మొన్న బాగేపల్లికి వెళ్ళాను. పాపకు ఇప్పుడు మూడేళ్ళు. చెల్లెలు మళ్ళీ ఉద్యోగానికి పోలేదు. ఇంట్లో తన కంచం, చెంబు వేరుగా, కిటికీలో ఉన్నాయి. పాపకు చెంచాతో తినిపిస్తోంది. అతనికీ అదే జబ్బున్నా, రాత్రి పాప తండ్రి పక్కనే పడుకుంటుందట.

"ఏమే ఇది?" అన్నాను. "కలిసి తింటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదని నువ్వే ఎంతమందికి చెప్పలేదు?"

"తెల్సక్కా" అంది. చాలాసేపు చెంచా కడుగుతూనే ఉంది. "సిస్టరుకు కూడా తెల్సు కదా."

తిరిగి వచ్చేటప్పుడు పాపను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను. నా బుగ్గ మీద తనూ ఒకటి పెట్టింది.

"అమ్మకు కూడా ఒకటి పెట్టు."

పాప తల అడ్డంగా ఊపింది. "అమ్మకు పెట్టకూడదు" అంది.

చెల్లెలు విననట్టే నా సంచి తీసుకుని బస్టాండు వైపు ముందు నడిచింది.