లారీ డ్రైవరుకి నేను నేర్పిన పాఠం

సైకిల్ తొక్కుతూ లారీవాళ్ళకి బుద్ధి చెప్పాలని సరదాపడే మహానుభావులు ముందు నా గతి వినండి. విన్నాక కూడా దురద తీరకపోతే మీ ఇష్టం, నా పూచీ లేదు.

డెబ్భైల నాటి మాట. విశాఖ పోర్టులో గుమాస్తాగా నాకది మొదటి రోజు. అమ్మ గంజి పెట్టిన తెల్లచొక్కా వంగితే విరిగేలా ఉంది. సైరన్ లోపు పోర్టు గేటు దాటాలనీ, ఆలస్యమంటే సూపరింటెండెంటు గారికి ఒళ్ళు మంటనీ ఊరంతా చెప్పి పంపింది.

దారిలో ఎర్ర ఖనిజం లారీ ఒకటి చెయ్యైనా చూపకుండా నా ముందుకి తిరిగింది. నాకేమీ కాలేదు. అదే నా ఖర్మ! కాలు విరిగుంటే హాయిగా ఆస్పత్రిలో పడుకునేవాణ్ణి. వెంటపడి, రైలుగేటు దగ్గర లారీ ఆగగానే సైకిల్ అడ్డంగా పెట్టాను.

"ఏటి బావ, సైకిలెట్టీసినావ్?"

"సిగ్నల్ ఇవ్వకుండా తిరగడం నేరం, తెలుసా?"

"తప్పే బావ. సూసుకోలేదు. ఒగ్గీ."

ఎంత మర్యాదస్తుడో చూడండి. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"అలా కాదు. చెయ్యి ఎలా చూపాలో చూపించు."

పాపం, చూపించాడు.

"మోచెయ్యి వంగింది. మళ్ళీ!"

గేటు ఎప్పుడో లేచింది. వెనక హారన్ల జాతర. అందులో ఓ జీపులోంచి కేక: "ఎవడ్రా ఆ తెల్లచొక్కా వెధవ?"

నేను వెనక్కైనా తిరగలేదు. గురువులు తిరగరు కదా. అప్పుడు సైరన్ కూసింది. "అయ్యో, పోర్టులో నాకిది మొదటి రోజు!" అంటూ సైకిల్ పక్కకి లాగాను.

"ఇంక సైకిళ్ళని రానివ్వరు బావ," అన్నాడు డ్రైవరు జాలిగా. "లారీకి అడ్డు నేదు. ఎక్కీ."

ముందు చోటు లేదు. జీపూ, మిగతా బళ్ళూ దాటిపోయాక సైకిల్‌తో సహా ఖనిజం కుప్ప మీదెక్కాను. గాలికి ఆ ఎర్రదుమ్మంతా నన్నే వరించింది. సైకిలైతే అందులో కూరుకుపోయింది. పోర్టు చేరేసరికి కళ్ళు తప్ప నాలో తెలుపు మిగల్లేదు.

గేటు దగ్గర అదే జీపు. కాపలావాడు సెల్యూట్ కొట్టి, "సూపరింటెండెంటు గారూ, ఎవరికోసమండీ?" అన్నాడు.

"రోడ్డుకి అడ్డంగా సైకిల్ పెట్టిన తెల్లచొక్కావాడి కోసం! దొరికితే చర్మం వలుస్తా."

ఆయన లారీ వైపు తిరిగాడు. "వాడిప్పుడేడి? పైనున్నది ఎవరు?"

డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. నా ప్రాణం వాడి నాలుక మీదుంది.

"తెల్లసొక్కావోడు ఎటెల్లిపోనాడో తెల్దు బాబూ. ఈడు మా సరుకు దించీ కళాసీ."

"ఏరా, నువ్వు చూశావా?"

ఇందాకటి గురువుగారు చేతులు కట్టుకుని అన్నారు: "నాను సూల్లేదు బాబూ."

మర్నాడు, ముందురోజు జ్వరమొచ్చిందని చెప్పి, నీలం చొక్కాలో ఉద్యోగంలో చేరాను. ఆయనకి ఆలస్యమంటే మంట గానీ జ్వరమంటే జాలేనట.

అందుకే సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఏ లారీ నా మీదికొచ్చినా సైకిల్ దిగి దారిచ్చి, నమస్కారం పెడతాను. తప్పు మాత్రం వాడిదే, ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే లారీ కనుమరుగయ్యాక, మెల్లిగా.