మా పెద్దమ్మాయి కట్టుకున్న నేస్తం

మా పెద్దమ్మాయి పోయింది. పచ్చకామెర్లు ముదిరి సీతమ్మధార ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. దాన్ని ఎరిగినవాళ్ళు చదువుకుంటారని, నాకొచ్చిన నాలుగక్షరాలతో రాస్తున్నాను.

గాజువాకలో మా ముందుగదిలోనే జాకెట్లు కుట్టేది. పక్కన కత్తెర ఉన్నా దారం పళ్ళతోనే కొరికేది. మా వెనక వాటాలోకి అద్దెకొచ్చిన, బళ్ళో ఆయాగా చేసే పిల్లతో ఒకే కంచంలో తినడం మొదలుపెట్టాక, పెళ్ళిమాటెత్తితే లేచి అవతలికెళ్ళిపోయేది.

"ఇది నా మనిసమ్మా" అని ఒకరోజు చెప్పేసింది.

నేను వీధి తలుపు దగ్గరగా వేశాను. "ఈదిలో ఏటనుకుంతారే?"

"అడిగితే సెప్దాం. అడక్కపోతే అన్నం తిందాం" అంది. ఎప్పుడూ ఆ మాటే.

అడిగే రోజు రానే వచ్చింది. ఆ పిల్ల అన్నలు పెందుర్తి నుంచి వచ్చి, తమ చెల్లిని మేం మాయచేసి దాచామని పోలీసులకు ఫిర్యాదు చేస్తామన్నారు. వీధిలో సైకిలు బెల్లు మోగినా ఇద్దరూ ఉలిక్కిపడేవారు. అమ్మాయీ నేనూ కలిసి ఒక ప్లీడరు దగ్గరికెళ్తే నవ్వి పంపేశాడు. పాతఊళ్ళో ఇంకో పెద్దాయన నవ్వలేదు.

"ఆ పిల్ల మేజరు. ఇష్టపడే ఉన్నానని తన నోటితో చెప్పాలి. కానీ మీకేమవుతుందని అడుగుతారమ్మా. దానికి చట్టంలో మాట లేదు. మీరే వెతుక్కోండి."

తిరుగు బస్సులో నాకు తట్టింది. మా ఊళ్ళ వైపు ఇద్దరాడపిల్లలకు మనసు కలిస్తే నేస్తం కట్టిస్తారు. కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని, ఒకరికొకరు తీపి తినిపించుకుంటే ఇక పేరుపెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుచుకుంటారు. మంచికైనా చెడుకైనా రెండిళ్ళూ ఒకటే. ఆ ఆదివారమే వీధంతా చూస్తుండగా కట్టించాను.

ఆ వారంలోనే స్టేషనుకు పిలిచారు. "ఈవిడ నీకేమవుతుంది?" అని మా అమ్మాయిని చూపించి ఎస్సైగారు ఆ పిల్లని అడిగారు. అన్నలు మీదికి వంగి చూస్తున్నారు. మా అమ్మాయి దాని చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

"నన్నెవులూ తీసుకుపోనేదు సార్. నానే వొచ్చాను. అది నా నేస్తం" అంది ఆ పిల్ల.

"నేస్తమేటి? అన్నీ నాటకాలు!" అన్నాడు పెద్దన్న.

ఎస్సైగారు మీసం తుడుచుకున్నారు. "మా అమ్మకీ ఉందయ్యా నేస్తం. ఆవిడొస్తే మా నాన్నకి అరుగుమీదే పడక. ఎల్లండెల్లండి."

ఆ తర్వాత కొన్నేళ్ళు బతకనిచ్చారు. అమ్మాయికి కామెర్లు ముదిరాక ఆసుపత్రిలో నర్సు, రక్తసంబంధం ఉన్నవాళ్ళే ఉండాలంది. డాక్టరమ్మ మంచం వంక చూసి, "ఎవరి చేత్తో పట్టిస్తే గుక్క మింగుతోందో వాళ్ళుండండి" అంది. ఆ పిల్లని మంచం దగ్గర ఉంచి నేను బయటికొచ్చేశాను.

పెద్దకర్మ నాడు అన్నలు మళ్ళీ దిగారు. పెద్దన్న చెప్పులు విడవకుండా వాకిట్లోంచే కేకేశాడు.

"ఒలే, నీ నేస్తం పోనాది. ఇంకిక్కడేటున్నాది నీకు? మూట సర్దు."

 వద్దనడానికి నేనెవర్ని? ఆ పిల్ల లోపలికెళ్ళింది. సర్దుకుంటోందనుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను.

చెంబుతో నీళ్ళు తెచ్చింది. గడపలోకొచ్చిన చుట్టాలకిచ్చినట్టు అన్న చేతిలో పెట్టింది.

"కాల్లు కడుక్కో అన్నా. నానూ అమ్మా వొడ్డించేత్తన్నాం."

అతను ఆ నిండు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు తొణికి చెప్పుల మీద పడుతున్నాయి.