చొక్కా దులిపే చోటు

కలుపు పెద్దమ్మ అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. బడుల ఆవరణల్లో, రోడ్ల పక్కన వయ్యారిభామ మొక్కలు పీకే ముఠాకి ఆమె పెద్ద. ఆ మొక్కకి అంత ముద్దుపేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక్కరోజు పీకి ఉంటే నోరారా తిట్టి వేరే పేరు పెట్టేవాడు! తాకితే దద్దుర్లు, పూత పుప్పొడి పీలిస్తే ఆయాసం. ముప్పై ఏళ్ల పనికి ఆమె చేతులు పగిలి గరుకెక్కాయి. అయినా, "దాని తిక్క నాకు తెలుసు, నా తిక్క దానికి తెలుసు" అని నవ్వేది.

ఆమె ధైర్యమంతా చలి మీదే. వానలకి మొక్క లేచేది, పూయకముందే పీకేసేవాళ్లు. మిగిలినవాటి పని చలి పట్టేది. ఆ నెలల్లో ఆమె చేతులు కాస్త మానేవి.

ఇప్పుడు చలి మొహం చాటేసింది. నడి శీతాకాలంలోనూ ఉక్కపోతే. వానకి వేళాపాళా లేదు, కురిసిన ప్రతిసారీ కొత్తగా మొలుస్తోంది. పీకమని మున్సిపాలిటీ నుంచి వచ్చే కాగితం మాత్రం ఏళ్లనాటి తేదీకే వస్తోంది. అది వచ్చేసరికి ఎటు చూసినా తెల్లటి పూత.

"పూత మీద పీకితే విత్తనం మనమే చల్లినట్టు మేస్త్రీ! ముందు తడపాలి, సంచుల్లో కట్టాలి. నీళ్లు తెప్పించు."

"అబ్బో, నువ్వు అడగ్గానే ట్యాంకర్ పరిగెత్తుకొస్తుందా? పీకితే పీకు, లేదంటే ఇంటికెళ్లు."

పీకింది. ఇంట్లో ఆరేళ్ల మనవరాలికి ఆమె తప్ప దిక్కు లేదు మరి.

సాయంత్రం రాగానే పెరట్లో నీళ్లతొట్టి వెనక సందులోకి పని చొక్కా దులిపేది, ఆ దుమ్ము ఇంట్లోకి రాకూడదని. చొక్కా ఒక చెయ్యి ఆమె పట్టుకుంటే రెండో చెయ్యి మనవరాలు పట్టుకునేది. ఠప్ ఠప్పుమంటుంటే పిల్ల పకపకా నవ్వేది. రోజంతటిలో ముసలామెకి సంతోషమంటే ఆ రెండు నిమిషాలే.

ఆ శీతాకాలం పిల్లకి ఆయాసం పట్టుకుంది. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చూసి, "ఇంటి దగ్గర వయ్యారిభామ ఉందా?" అని అడిగింది.

"మా ఇంట్లోనా? భలేదానివమ్మా! నా వాకిట్లో దాన్ని మొలవనిస్తానా?"

"లేకపోతే మంచిదే. ఉంటే మాత్రం ఈ పిల్ల తట్టుకోలేదు."

ఇంటికొచ్చి పిల్లని పడుకోబెట్టింది. మనసు ఊరుకోక చుట్టూ చూసింది. ముందు వాకిలి శుభ్రంగా ఉంది. తొట్టి వెనక్కి వంగి చూసింది. సందు నిండా మోకాలెత్తు మొక్కలు, విరగబూసి ఉన్నాయి. పైనే పిల్ల పడుకునే గది కిటికీ.

అలవాటుగా ఓ మొక్క మొదలు పట్టుకుంది. లాగితే పుప్పొడంతా కిటికీలోకే. వదిలేసింది.

"దరిద్రపుదానా! ఈ చొక్కాలో నీ విత్తనం నేనే మోసుకొచ్చానా? రోజూ, నా చేతులతోనే!"

వెనక అలికిడైంది. పిల్ల లేచొచ్చింది. ఊపిరి ఈల వేస్తోంది. పెరటి గోడ మేకుకి తగిలించిన పని చొక్కా తెచ్చి, ఒక చెయ్యి తను పట్టుకుని రెండోది అమ్మమ్మకి అందించింది.

"దా అమ్మమ్మా, ఇవాళ దులపలేదుగా!"

పెద్దమ్మ ఆ చొక్కా ఒక్క ఉదుటున లాక్కుని తొట్టిలో ముంచేసింది. పిల్ల బిత్తరపోయి ఏడుపు అందుకుంది. ఏడవడానికి దానికి ఊపిరి చాలలేదు.