డోరతీ చక్రానికి నేను పెట్టిన బొట్లు

డెబ్భై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ప్రాణంగా చూసుకునే వాద్యాన్ని, నిండు సభలో, అదీ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని మరీ నేనెలా పాడుచేశానో ఇవాళ చెప్పేస్తాను. పాడుచేయడమంటే ముక్కలు చేశాననుకునేరు. ముక్కలు చేసి ఉంటే సారీ చెప్పి బయటపడేదాన్ని. నేను చేసింది అంతకంటే భక్తిగా, అందువల్ల అంతకంటే ఘోరంగా జరిగింది.

ముందు ఆ వాద్యం సంగతి. దాని పేరు హర్డీ గర్డీ. నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది. వీణని పొట్టిగా, లావుగా చేసి, ఒళ్ళో కూర్చోబెట్టి, తోక దగ్గర ఒక హ్యాండిల్ బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ హ్యాండిల్ తిప్పితే లోపల చెక్క చక్రం ఒకటి తిరుగుతుంది. వయొలిన్‌కి కమాను చేసే పని ఇక్కడ ఆ చక్రం చేస్తుంది. అది తీగల్ని రాసుకుంటూ తిరిగితే అవి మోగుతాయి. కుడిచేత్తో తిప్పుతూ, ఎడమచేత్తో మీటలు నొక్కుతూ పాట పలికించాలి. మా ఆయన కిరణ్‌ది వరంగల్. మొదటిసారి దాన్ని చూసి, "ఏంది పద్మా, గిర్ని పట్టుకొచ్చినవ్? పిండి పడతదా?" అన్నాడు.

అప్పటికి అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో నా జీవితమంటే ఆఫీసు, ఇండియన్ స్టోరు, ఇల్లు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకరు చేసిన తప్పులు వెతికి పట్టుకోవడం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా పరువు ఎంత లోతుకు పోయిందో తర్వాత మీకే తెలుస్తుంది. ఒక శనివారం లైబ్రరీకి వెళితే అక్కడ డోరతీ అనే ఆ పెద్దావిడ ఇది వాయిస్తోంది. కింద ఒకే స్వరం శ్రుతిపెట్టెలా ఆగకుండా మోగుతుంటే, దాని మీద పాట నడుస్తోంది. చిన్నప్పుడు కాకినాడలో సంగీతం క్లాసులో కూర్చున్నట్టే అనిపించింది. రిటర్న్ చేయాల్సిన పుస్తకాలు చంకలో పెట్టుకుని చివరిదాకా నిలబడిపోయాను. పై వారం నుంచి ఆవిడ శిష్యురాలిని.

డోరతీది పక్కా సంప్రదాయం. ఫ్రాన్సు పల్లెల్లో నాట్యాలకి వాయించే పాటలు, ఎప్పుడో ఎవరి దగ్గరో నేర్చుకున్నవి, నేర్చుకున్నట్టే వాయించాలి. మణికట్టు ఎక్కడ విదిలిస్తే ఎక్కడ 'జుయ్' మనాలో అక్కడే అనాలి. ప్రతి పాఠమూ ఒకే హెచ్చరికతో మొదలయ్యేది.

"చక్రం మాత్రం ముట్టుకోకు పద్మా. వేలి జిడ్డు తగిలిందంటే నెల రోజులు అలుగుతుంది."

ఆవిడకి ఇంకో శిష్యుడు ఉండేవాడు, ఈథన్. ఉండేవాడు అనడమే కరెక్టు, ఎందుకంటే ఆవిడ వెళ్ళగొట్టింది. నీలం జుట్టు కుర్రాడు. వాడి హర్డీ గర్డీకి కరెంటు వైర్లు, కాలితో నొక్కే పెడళ్ళు. తీగల మధ్య పెన్సిళ్ళు, చెంచాలు దూర్చి ఒకే స్వరాన్ని అరగంట మోగించి "ఇది ప్రయోగం" అనేవాడు. కిరణ్ ఒకసారి మర్యాదగా అంతా విని, కార్‌లో కూర్చున్నాక, "మన పాత ఫ్రిజ్ పోయే ముందు గిట్లనే మోగింది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఈథన్ వాయించేది కొంచెం నచ్చేది. ఆ మాట డోరతీ ముందు అనే ధైర్యం మాత్రం లేదు.

ఇంతకీ కథేమిటంటే, నెలకో శనివారం కమ్యూనిటీ హాల్లో ఆ ఫ్రెంచి నాట్యాలు జరుగుతాయి. డోరతీయే వాయించేది. ఆవిడ మణికట్టు మొరాయించింది. ఆ కుర్చీలో తర్వాత ఎవరు కూర్చోవాలన్నది ప్రశ్న.

"అక్టోబర్‌లో నువ్వు వాయించు," అంది డోరతీ. "బాగా జరిగితే ఆ కుర్చీ నీది. లేదంటే ఇది వచ్చిన ఇంకొకడు ఈథనే, వాడికి ఇవ్వాలి. వాడి ఫ్రిజ్‌కి ఎవరూ డ్యాన్స్ చేయలేరు కాబట్టి హాలు మూసేసుకోవాలి."

చూశారా, ఫ్రిజ్ అనే ఆలోచన కిరణ్ ఒక్కడిదే కాదు.

నాకా కుర్చీ కావాలి. చాలా కావాలి. అన్నేళ్ళలో క్యారీలో నన్ను "వచ్చావా, నీకోసమే చూస్తున్నాం" అని పిలిచిన చోటు అదొక్కటే. డోరతీ తన వాద్యాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని అప్పగిస్తున్నట్టు నా కార్ వెనక సీట్లో పెట్టి, సీటు బెల్టు కూడా పెట్టింది.

ఆ శనివారానికి ముందురోజే మాకు దసరా పూజ కుదిరింది. ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది. కార్లకి, లాప్‌టాప్‌లకి, రైస్ కుక్కర్‌కి, ఇల్లు ఊడ్చే రోబోకి, వరసగా గంధం, కుంకుమ. లేఆఫ్‌ల సీజన్ కదా అని ఆఫీసు బ్యాడ్జికి రెండు బొట్లు ఎక్కువే పెట్టాను. చివరికి హర్డీ గర్డీ దగ్గరికొచ్చి, చక్రం మీదున్న చెక్క మూత తీశాను.

"పద్మా, ఆ చక్రం ముట్టొద్దని ఆమె చెప్పలే?" అన్నాడు కిరణ్, హారతి పళ్ళెం పట్టుకుని.

"ముట్టుకోవద్దంది. బొట్టు పెట్టొద్దని ఎప్పుడన్నా అందా?"

"ముట్టకుండ బొట్టెట్ల పెడతవ్? దూరంకెల్లి విసురుతవా?"

"వేలికీ చక్రానికీ మధ్యలో గంధం ఉంటుంది కిరణ్. ఇంక ముట్టుకున్నట్టెలా అవుతుంది?"

"పైన చెక్కకు పెట్టరాదు?"

"చెక్కేం చేస్తుంది, ఊరికే కూర్చుంటుంది. అసలు పనంతా చక్రానిది. పనిచేసేవాళ్ళని వదిలేసి కూర్చున్నవాళ్ళకి బొట్టు పెడతామా?"

కిరణ్ హారతి పళ్ళెం కింద పెట్టి, అమ్మవారికి ముందుగానే ఒక దణ్ణం పెట్టేశాడు. చక్రం అంచు మీద, తీగలు రాసుకునే చోటే, మూడు బొట్లు దిట్టంగా పెట్టాను. మరి వాయించి చూసుకున్నానా? లేదు. ఎందుకు లేదంటే, పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజు వాడకూడదు కదా! మర్నాడు తీసి నేరుగా హాలుకే పట్టుకెళ్ళాను. ఒక్క బటన్ రంగు మారితే వంద రకాలుగా టెస్ట్ చేసే మనిషిని, ఏ టెస్టూ లేకుండా దాన్ని నేరుగా జనం మీదికి వదిలేశాను.

హాలు నిండిపోయింది. జంటలు వరసల్లో నిలబడ్డారు. ముందు వరసలో డోరతీ, వెనక కిరణ్, గోడకి ఆనుకుని ఈథన్. అమ్మవారిని తలుచుకుని హ్యాండిల్ తిప్పాను.

గుర్ర్‌ర్... టక్. గుర్ర్‌ర్... టక్. గుర్ర్‌ర్... టక్.

ఎండి గట్టిపడ్డ బొట్టు తీగని తాకినప్పుడల్లా పాట ఒక్కసారి ఎగిరిపడుతోంది. కారు వరసగా స్పీడ్ బ్రేకర్లు ఎక్కుతున్నట్టుంది. వేగంగా తిప్పితే సర్దుకుంటుందేమోనని వేగం పెంచాను. టక్కులు కూడా వేగం పెంచాయి. పాపం జనం మాత్రం ఆగలేదు. టక్కుమన్నప్పుడల్లా వాళ్ళూ చిన్నగా ఎగురుతున్నారు. ఇంతలో కుంకుమ లేచింది. మూత సందులోంచి ఎర్రగా పొడి చిమ్మి నా చేతుల మీద, తెల్ల చుడీదార్ మీద, ముక్కు మీద పడింది.

"ఓ మై గాడ్, ఆమెకి రక్తం కారుతోంది!" అని ఒకావిడ కేక పెట్టింది.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. "చెయ్యి చూపించు! వాయించడం ఆపు!"

"ఆపను! పాట అవలేదు!"

"రక్తం పోతోందమ్మా!"

"రక్తం కాదు! పూజ! పూజ!"

ఆయనకి ఏం అర్థమైందో గానీ, తిరుగుతున్న నా చేతికి కట్టు కట్టడానికి ఆయన, కట్టించుకోకుండా తిప్పడానికి నేను, పెనుగులాడుతున్నాం. కిరణ్ తన జాకెట్ తల మీదికి లాక్కున్నాడు. ఈథన్ మాత్రం పాక్కుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

"పద్మా, ఇది అద్భుతం! చక్రం మీద ఏం వేశావ్?"

"గంధం!"

"ఏ బ్రాండ్?"

ఎలాగో పాట చివరిదాకా లాక్కొచ్చి ఆపాను. డోరతీ మెల్లగా వచ్చి మూత తీసింది. చక్రం మీద నా భక్తి మూడుచోట్ల పెచ్చులు కట్టి ఉంది.

"ఇదేంటి పద్మా?"

పండగ సంగతి, పనిముట్ల పూజ సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే అర్థమైంది, నేనెంత పని చేశానో.

ఈథన్ ఆగలేకపోయాడు. "డోరతీ, నేను పెన్సిల్ పెట్టాను, చెంచా పెట్టాను. చక్రం మీదే పెట్టాలని నాకు తట్టనేలేదు! ఈమె మీ శిష్యురాలా? ఈమె మా మనిషి!"

"నోరు ముయ్యి. ఇది నువ్వే నేర్పి ఉంటావ్."

"నేర్పితే గొప్పగా చెప్పుకునేవాణ్ణి. జనం డ్యాన్స్ చేశారు, చూడలేదా?"

"డ్యాన్స్ కాదది, గుంటల్లో పడకుండా దూకడం."

ఇద్దరూ నన్ను మర్చిపోయి పాత గొడవలన్నీ తవ్వుకోవడం మొదలుపెట్టారు. జంటలు మాత్రం వరసల్లో అలాగే నిలబడి చూస్తున్నారు. చివరికి ఈథనే తగ్గి, తన వాద్యాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"వైరున్న వాద్యమా? నా డ్యాన్సులోనా?" అంది డోరతీ.

"వైరు లేకపోతే దానికి గొంతే లేదు. మీ పాటే వాయిస్తుంది. పెడళ్ళు నేను ముట్టుకోను, ఒట్టు."

ఆవిడ అటు తిరిగి కూర్చుంది. దాన్నే ఒప్పుకోవడం అనుకుని మొదలుపెట్టాను. అదే పాట. ఈసారి చక్రం నునుపుగా తిరిగింది, మణికట్టు విదిలించిన చోటల్లా 'జుయ్' మంది, హాలంతా ఒక్క అడుగు వేసింది. చివరి చుట్టులో నా పాట కింద నించి ఇంకో నా పాట మెల్లగా లేచింది. చూద్దును కదా, ఈథన్ కాలు పెడల్ మీద ఉంది, అది నేను వాయించిందాన్నే పట్టి తిరిగి మోగిస్తోంది. హాలు రెండింతలై మోగింది. జనం ఈలలు వేశారు. భయపడుతూ డోరతీ వైపు చూశాను. మొహం గంటు పెట్టుకునే ఉంది గానీ, వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతుంటే డోరతీ నా పక్కకొచ్చింది. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"మీరు అన్నిసార్లు చెప్పారు, ముట్టుకోవద్దని. క్షమించండి. కుర్చీ ఈథన్‌కి ఇచ్చేయండి."

"చక్రం బాగుచేయడానికి నాకు వారం పడుతుంది," అంది ఆవిడ. "బూతులన్నీ ఆ వారం తిట్టుకుంటాను. కానీ నీ ఒళ్ళో వాద్యం చెడింది, నీకు రక్తం కారుతోందన్నారు, ఒకాయన చేతికి కట్టు కడుతున్నాడు. నువ్వు ఆపలేదు. జనం కాలు గాల్లో ఉండగా పాట ఆపేసేవాళ్ళని బాగుచేయడం నా వల్ల కాదు. కుర్చీ నీది."

ఆవిడని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. ఆవిడ తెల్ల కోటుకి కుంకుమ అంటింది. ఆవిడ దాన్ని చూసుకుని, "వాద్యం మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది," అంది. "మీ పండగలన్నీ అయ్యేదాకా."

"మాకు ఏడాదంతా పండగలేనండీ," అన్నాడు కిరణ్, సాయం చేస్తున్నాననుకుని.

తర్వాతి దసరాకి డోరతీ తనంతట తనే వాద్యం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "యాభై ఏళ్ళుగా దీన్ని తిట్టడమే గానీ ఎవరూ దీవించలేదు, నువ్వే కానివ్వు," అంది. సంగతి తెలిసి ఈథన్ కూడా వైర్లు, పెడళ్ళు అన్నీ మూటగట్టి తెచ్చి దేవుడి ముందు పరిచాడు. సోఫాలో ఆ చివర సంప్రదాయం, ఈ చివర ప్రయోగం కూర్చున్నారు. పులిహోర తింటున్నా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను గంధంలో వేలు ముంచి ముందుకు చాపానో లేదో, ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడి, ఒకే గొంతుతో అరిచారు.

"అక్కడ కాదు!"

అన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే. ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసి ఒక పాట కడుతున్నారు, రోజూ పోట్లాడుకుంటూ. ఆ ఘనత నాదేనని నేను ఎక్కడైనా చెప్పుకుంటాను.

కాబట్టి క్యారీ పౌరుల సాక్షిగా, మా పూజ అలమరలోని సమస్త దేవతల సాక్షిగా, గంధపు వేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: తిరిగే వస్తువుకి, మోగే వస్తువుకి, ముఖ్యంగా పక్కవాళ్ళ వస్తువుకి ఈ జన్మలో బొట్టు పెట్టను. తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే మూత మీదే పెడతాను. అది కూడా సంప్రదాయమూ ప్రయోగమూ రెండూ వచ్చి, చోటు చూసి, సంతకం పెట్టాకే.