ఎఫెండి తిన్నాడా?

మా మేడ మెట్ల మీద ఎవరికి ఎవరు ఎదురుపడినా ముందు సలాము, ఆ వెంటనే ఒకటే ప్రశ్న: "ఎఫెండి తిన్నాడా?"

ఎఫెండి ఒక కుందేలు. బూడిదరంగు ఒళ్ళు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. పాతకాలపు గుమాస్తా కోటూ కాలరూ వేసుకుని కూర్చున్నట్టు ఉండేవాడు, అందుకే ‘బాబుగారు’ అన్నట్టు ఆ పేరు. మా పైన డాబా మీది గదిలో ఉండే ఇన్సాఫ్ వాడి యజమానురాలు. పొద్దున్నే అన్‌ఫూషీ చేపల బజారులో హోటళ్ళ వాళ్ళకు రొయ్యలు ఒలిచి, మధ్యాహ్నానికి ఇంటికి చేరి, డాబా మీద గూళ్ళు కట్టి కుందేళ్ళను పెంచి అమ్మేది. ఆమె పెంచిన కుందేలును ములుఖియా ఆకు పులుసులో వేసుకుని తినని ఇల్లు మా పేటలో లేదు. నేనూ తిన్నాను, మారు అడిగి మరీ.

ఎఫెండి కథ వేరు. ఇన్సాఫ్ మొగుడు రిజ్క్ ట్రాము కండక్టరు. ఎఫెండిని పిల్లగా ఉన్నప్పుడు టికెట్ల సంచిలో వేసుకుని తెచ్చాడు, పండక్కి కోయిద్దామని. పండగ వచ్చేసరికి రిజ్క్ లేడు. ఆయన ఆఖరిసారి ఇంటికి తెచ్చిన ప్రాణాన్ని కుండలో వేయడానికి ఆమెకు చెయ్యి ఆడలేదు. పిల్లల్లేని ఇన్సాఫ్‌ను మెట్ల మీది ఆడవాళ్ళు ‘ఉమ్ ఎఫెండి’, ఎఫెండి తల్లీ అని పిలిచేవారు. మొదట వెక్కిరింతకే పిలిచారు. తరువాత అదే ఆమె పేరైపోయింది, ఆమె పలకడమూ మొదలుపెట్టింది.

వాడికి పదేళ్ళు దగ్గర పడుతుండగా గడ్డం తడిగా ఉండటం మొదలైంది. ఎడమ కన్ను నీరు కారేది. ఒక మధ్యాహ్నం ఇన్సాఫ్ నా గుమ్మంలో నిలబడి, నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుంది. పైన ముందు పళ్ళు ఊడిపోయినప్పటి నుంచి ఆమెకు అది అలవాటు.

"నసీమన్నా, వాడు గడ్డి పరక నోట్లో పెట్టుకుంటాడు, పడేస్తాడు. మళ్ళీ పెట్టుకుంటాడు, మళ్ళీ పడేస్తాడు. ఆపైన నాకేసి చూస్తాడు. ఆకలి లేనోడు అట్లా చూడడు."

ఆమె వెనక డాబా మెట్లు దిగుతున్న దౌలత్ ఆగింది. రెండో అంతస్తులో ఉంటుంది, నోరు మాత్రం అన్ని అంతస్తుల్లోనూ ఉంటుంది.

"ముసలాడికి పళ్ళ నెప్పొస్తే ములుఖియా ఆకే మందక్కా. వెల్లుల్లి నేను తెస్తా."

"మీ ఆయనకీ పళ్ళు లేవుగా," అంది ఇన్సాఫ్. "ముందు ఆయన్ని ఉడకెయ్యి."

వాణ్ణి రొయ్యల బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు వగ్దీ దగ్గరికి వెళ్ళాం. ఆయన వాడి పెదవి ఎత్తి చూపించాడు. ముందు పళ్ళు పొట్టేలు కొమ్ముల్లా ఒంపు తిరిగి ఉన్నాయి.

"కుందేలు పళ్ళు చచ్చేదాకా పెరుగుతాయమ్మా. పైదీ కిందిదీ ఒరుసుకుని అరగాలి. వీడివి ఒకదానికొకటి తగలట్లేదు. ముందువి నేను కోస్తా, ఫరవాలేదు. వెనక దంతాలకి ముళ్ళు లేచి నాలుకని గీస్తున్నాయి. వాటిని అరగదీయాలంటే మత్తివ్వాలి."

"మత్తిస్తే లేస్తాడా?"

"లేవొచ్చు."

"రిజ్క్‌ని ఆస్పత్రిలో పెట్టినప్పుడూ ‘లేవొచ్చు’ అనే అన్నారు డాక్టరుగారూ," అని ఇన్సాఫ్ బుట్ట మూత వేసింది.

అలా మత్తు మాట పక్కకు పోయి, రోజువారీ సేవ మొదలైంది. మేత నానబెట్టి గుమ్మడికాయతో మెత్తగా నూరి, సూది తీసేసిన సిరంజిలోకి ఎక్కించి, బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెం వదిలేది. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకునేది. గడ్డం తుడిచి, ఆరబెట్టి, చర్మం పుండు పడకుండా చూసేది. నెప్పి మందు వేసేది. రొయ్యల తక్కెడలో రోజూ వాణ్ణి తూచేది. పెంటికలు అరచేతిలో పరిచి చూసేది. శనగ గింజంత ఉంటే ఆ రోజు పాట పాడేది, మిరియాల్లా ఉంటే ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నెప్పి పెరిగినప్పుడు ఎఫెండి పళ్ళు నూరేవాడు. ఆ చప్పుడు నా గది కప్పులోంచి వినిపించేది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది నమ్మడం మీ ఇష్టం. నేను సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా సిస్టర్ చెప్పేది. ఈ పొద్దున కూడా అద్దంలో చూసుకున్నాను. కాఫీ మరక తప్ప ఏమీ లేదు.

మా దగ్గర పాలపన్ను ఊడితే దాన్ని సూర్యుడి మొహాన విసిరి, ఈ పాడు పన్ను పుచ్చుకుని మంచి పన్ను ఇవ్వమని అడుగుతారు. సిస్టర్లు వద్దనేవారు, మేము బడి ప్రహరీ చాటున విసిరేవాళ్ళం. పళ్ళు వచ్చాయి కూడా. వగ్దీ కోసిన పంటి ముక్కను ఇన్సాఫ్ ప్రతిసారీ రుమాలులో మూట కట్టుకుని తెచ్చి, డాబా అంచున నిలబడి, ఎండకు కళ్ళు చికిలించి విసిరేది. అది పక్కింటి రేకుల మీద టిక్కుమని పడేది. "ఎఫెండికి నెప్పి లేని పన్ను ఇవ్వు నాయనా," అనేది. సూర్యుడు పన్నయితే ఇచ్చేవాడు, కానీ మళ్ళీ ఆ పాత వంకర పన్నే.

వసంతంలో ఎడారి దుమ్ము మోసుకొచ్చే ఖమసీను గాలి దిగింది. పట్టపగలు ఆకాశం ఉడికిన పప్పు రంగుకు తిరిగి, సముద్రం ఎటున్నదో తెలియకుండా పోయింది. ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కాను. వగ్దీ దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన ఇన్సాఫ్ బుట్ట కింద పెట్టి, రుమాలు విప్పుతోంది.

"అన్నా, సూర్యుడెక్కడ?"

"ఇవాళ సెలవు పెట్టాడు. రేపు విసురు."

"రేపటిదాకా ఆగేట్టు లేడు వీడు. నిన్నట్నుంచి సిరంజి కూడా ఉమ్మేస్తున్నాడు. పెంటిక లేదు. పొట్ట చూడు, రాయిలా ఉంది."

సూర్యుడు ఉండవలసిన చోటుకు, ఆ గోధుమరంగు దుమ్ములోకి, ఆమె చెయ్యి చాచి విసిరింది. ఇద్దరం చెవులు రిక్కించాం. రేకుల మీద టిక్కుమనలేదు. కాసేపటికి ఒక చప్పుడు వచ్చింది, కింది నుంచి కాదు, పైనుంచి. ఎవరో గట్టి దోసకాయ కొరికినట్టు, కటుక్కుమని.

"విన్నావా?" అంది.

"తలుపేదో కొట్టుకుంది."

"పైన తలుపెక్కడిదన్నా?"

నేను బట్టలు చంకన పెట్టుకుని దిగిపోయాను. సగం బట్టలు అక్కడే వదిలేశానని తరువాత తెలిసింది.

మర్నాడు పొద్దున మెట్లు దద్దరిల్లాయి. "తిన్నాడు! ఒక కట్ట మొత్తం తిన్నాడు! వాడంతట వాడే!" దౌలత్ గుమ్మంలోకి వచ్చి మా పెళ్ళిళ్ళలోలాగా నాలుక ఆడిస్తూ కేక పెట్టింది. నేను పైకి వెళ్ళి చూశాను. ఎఫెండి బర్సీం గడ్డి కాడను ఒక కొసన పట్టుకుని, దారం లాగినట్టు లోపలికి లాక్కుంటున్నాడు. గడ్డం పొడిగా ఉంది. కన్ను తేటగా ఉంది. తలెత్తి ఇన్సాఫ్ కేసి చూశాడు, ఆమె ముఖం కేసి కాదు, నోటి కేసి.

"ఏంటి ఇన్సాఫ్, పంటి చిగురు గోక్కుంటున్నావు?" అన్నాను.

"దురదగా ఉందన్నా. దుమ్ము పడ్డట్టుంది."

దుమ్ము కాదు. ఆ వారంలోనే ఆమె పై చిగురు నడిమధ్య చీల్చుకుని ఒక పన్ను వచ్చింది. సన్నగా, పసుపుపచ్చగా, ఉలి మొనలా, మధ్యలో నిలువునా ఒక గాడి. పళ్ళ డాక్టరు అద్దం పెట్టి చూసి, చిగుళ్ళలో దాక్కున్న పన్ను ముసలితనంలో బయటపడటం కొత్తేమీ కాదన్నాడు.

"ఇది పెరుగుతుందా డాక్టరుగారూ?"

"బయటికొచ్చిన పన్ను పెరగదమ్మా. పిల్లలడిగే ప్రశ్న ఇది."

పెరిగింది. కింది పెదవికి తగిలేదాకా పెరిగితే, గోళ్ళు రాసుకునే ఆకురాయితో ఇన్సాఫ్ దాన్ని అరగదీసుకునేది. ఎఫెండి పళ్ళు నూరడం మానేశాడు. నా కప్పులోంచి ఆ చప్పుడు మాత్రం మానలేదు.

దౌలత్ కనిపెట్టకుండా ఉంటుందా? ఒక రోజు డాబా మీద ఇన్సాఫ్ చెంగు లాగి చూసి, రెండడుగులు వెనక్కు వేసింది.

"విసిరినోళ్ళకేగా పన్నొచ్చేది, అక్కా! లోకంలో ఎవరైనా వేరేవాళ్ళ పన్ను విసురుతారా? చిన్నపిల్లలకి కూడా తెలుసే! సూర్యుడు మాత్రం ఏం చేస్తాడు?"

"ఆ రోజు సూర్యుడు లేడు దౌలత్," అంది ఇన్సాఫ్ నెమ్మదిగా.

దౌలత్ తన గౌను మెడలోకి తుపుక్కున ఊసుకుంది, చెడు అంటకుండా.

"పీకించేసుకో. ఇవాళే పద."

"పీకిస్తే వాడు తింటాడా?"

గూటిలో ఎఫెండి కాడ నమలడం ఆపి, చెవులు రెండూ మావైపు తిప్పాడు.

"అయితే ఉండనీ," అంది ఇన్సాఫ్.

వగ్దీ దగ్గరికి ఎఫెండిని మామూలుగా చూపించడానికి వెళ్ళాం. ఆయన చిన్న దీపం పెట్టి వాడి నోట్లోకి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"వెనక దంతాలు ఎవరు అరగదీశారు?"

"ఎవరూ చెయ్యలేదు."

"ఇంత నున్నగా! మత్తివ్వకుండా ఇట్లా చేసేవాడు ఈ ఊళ్ళో లేడు. ఎవరో చెప్పండమ్మా, నేనూ వెళ్ళి నేర్చుకుంటా."

ఇన్సాఫ్ చెంగు ఇంకా పైకి లాక్కుంది.

ఆ ఏడాది ఎఫెండి బరువెక్కాడు, ఇన్సాఫ్ తగ్గింది. రొట్టె కొరకబోతే పన్ను కింది చిగురును కోసేది. ఉడికిన బీన్సు మెత్తగా నూరుకుని చెంచాతో బుగ్గ పక్కనుంచి పోసుకునేది. ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని నేను ఏదో గొప్పలు చెబుతున్నాను. ఆమె వింటూ వింటూ కట్టలోంచి బర్సీం పరక తీసి, నోట్లో పెట్టుకుని, టుక్కున కొరికి నమిలింది.

"ఇన్సాఫ్!"

"ఏంటన్నా?"

ఆమె చేతిలో మిగిలిన ముక్కను నేను చూపించాను. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఆమె పాదాల దగ్గర ఎఫెండి కూడా చూశాడు. తరువాత ఆమె దాన్ని వాడికే ఇచ్చేసింది.

"రుచి బాగానే ఉంది," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నవ్వలేకపోవడం నా జన్మలో అరుదు.

ఎఫెండి చలికాలంలో పోయాడు. జబ్బు చేసి కాదు. కడుపునిండా తిని, కాళ్ళు బార్లా చాపి, ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుని, మరి లేవలేదు. పెదవి మీద ఆకు ఇంకా పచ్చిగా ఉంది. వాణ్ణి పెరట్లో అత్తిచెట్టు మొదట్లో పూడ్చి వచ్చి ఇన్సాఫ్ నోరు పుక్కిలిస్తుంటే, తొట్టిలో టిక్కుమంది. పన్ను ఊడి పడింది. రక్తం చుక్క కూడా లేదు.

ఆ రోజు ఎండ కడిగిన పళ్ళెంలా ఉంది. దౌలత్ డాబా అంచుకు పరుగెత్తింది.

"విసురక్కా! ఈసారి పన్ను నీదే, సూర్యుడూ ఉన్నాడు! ఎఫెండిని తిరిగిమ్మని అడుగు!"

ఇన్సాఫ్ పన్నును అరచేతిలో పెట్టుకుని సూర్యుడి కేసి చూసింది. చెయ్యి పైకి లేచింది కూడా. చెయ్యి దిగిపోయింది.

"వస్తే ఆ నెప్పితోనే వస్తాడు. వద్దు. వాడు పడ్డది చాలు."

పన్నును ఎఫెండి గూటిలో, వాడు పడుకునే గడ్డి కింద పెట్టి, పైన వాడి పాత గుడ్డ కప్పింది. మిగతా కుందేళ్ళను అప్పటికే అమ్మేసింది. డాబా మీద ఇంక ఏ జంతువూ లేదు.

మర్నాడు బజారుకు పోయే ముందు అలవాటుగా గూటిలో బర్సీం కట్ట వేసిందట. మధ్యాహ్నం వచ్చి నన్ను పిలిచింది. గూటి తలుపు గొళ్ళెం పెట్టే ఉంది. కాడలు సగానికి తెగి ఉన్నాయి. ఎలుక కొరికితే పీచు లేస్తుంది. ఇవి ఏటవాలుగా, ఉలితో చెక్కినట్టు, నున్నగా తెగి ఉన్నాయి. ఒకటి తీసి వేలితో రాసి చూశాను. కోసిన చోట ఇంకా తడి ఉంది.

"నువ్వా?" అన్నాను.

ఆమె చెంగు తీసి నోరు తెరిచింది. పసిపిల్ల నోరులా బోసి చిగురు.

ఆ తరువాత మెట్ల మీద ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె మనసు నొస్తుందని. దౌలత్ మాత్రం ఒక పొద్దున రొట్టెల సంచితో ఎక్కుతూ, దిగుతున్న ఇన్సాఫ్‌ను చూసి, ఏళ్ళ అలవాటుతో నోరు జారింది.

"ఎఫెండి తిన్నాడా, అక్కా?"

అనేసి, నాలుక కరుచుకుని, గోడకు అంటుకుపోయింది.

ఇన్సాఫ్ ఆగింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకోలేదు.

"తిన్నాడు," అంది.